పసుపు పూతకు పేటెంటు ఇస్తారా?

పిల్లలూ! ఆడుకుంటూ కిందపడి మోకాలు చెక్కుకుపోతే మీ ఇంట్లో అవ్వ ఏం చేస్తుంది? మంచినీళ్లతో కడిగి, పోపులపెట్టెలోంచి చిటికెడు పసుపు తీసి దెబ్బ మీద అద్దుతుంది. మా చిట్టమూరు పులికాట్ సరస్సుకు దగ్గర్లోని ఊరు. 2022లో తిరుపతి జిల్లాలో కలిసినా మేమింకా నెల్లూరు వాళ్లమనే చెప్పుకుంటాం. ఇక్కడ నాట్ల రోజుల్లో ఆడవాళ్లు పొద్దస్తమానం బురద నీళ్లలో నిలబడతారు. కాలివేళ్ల మధ్య చర్మం చెడితే రాత్రి పడుకోబోయే ముందు కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసుకుంటారు. దీన్ని వాళ్లకు ఏ పుస్తకమూ నేర్పలేదు. (లోతైన గాయానికి మాత్రం పసుపు చాలదు, డాక్టరు దగ్గరకే వెళ్లాలి. అది మరవకండి.)

ఈ పసుపు అద్దడాన్నే ఎవరైనా “ఇది నేను కనిపెట్టాను, నా అనుమతి లేకుండా ఎవరూ చేయరాదు” అంటే మీకెలా ఉంటుంది? నవ్వొస్తుంది కదూ! కానీ అలాంటిది నిజంగానే జరిగింది. 1995 మార్చి 28న అమెరికా పేటెంటు కార్యాలయం, గాయాలు మానడానికి పసుపును వాడే పద్ధతి మీద 5,401,504 నంబరు గల పేటెంటును మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి చెందిన ఇద్దరు పరిశోధకుల పేర మంజూరు చేసింది. వాళ్లిద్దరూ భారతీయ సంతతి వాళ్లే కావడం విశేషం.

ఆ పేటెంటు ఏమైంది? అసలు తెలిసిన వస్తువులతో చేసిన పూతకు, లేపనానికి పేటెంటు ఎప్పుడైనా రాగలదా? “మా పరీక్షలో ఎవరూ ఊహించని ఫలితం వచ్చింది” అని చూపిస్తే సరిపోతుందా? ఈ నెల మన పాఠం ఇదే.

పేటెంటు అంటే ఏమిటి?

పేటెంటు అనేది ప్రభుత్వానికీ, కొత్తది కనిపెట్టినవాడికీ మధ్య ఒక ఒడంబడిక లాంటిది. “నీ రహస్యాన్ని అందరికీ అర్థమయ్యేలా రాసి ఇవ్వు. దానికి బదులుగా దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 ఏళ్ల పాటు, నీ అనుమతి లేకుండా ఇతరులు దాన్ని చేసి అమ్మకుండా ఆపే హక్కు నీకిస్తాను” అంటుంది ప్రభుత్వం. గడువు తీరాక ఆ జ్ఞానం అందరి సొత్తు.

ఈ హక్కు రావాలంటే మూడు పరీక్షలు నెగ్గాలి. ఒకటి, అది కొత్తదై ఉండాలి. రెండు, దానివల్ల ఉపయోగం ఉండాలి. మూడు, ఆ విద్య తెలిసిన మామూలు మనిషికి అది ఇట్టే తట్టేది కాకూడదు. ఈ మూడోదే అన్నిటికన్నా చిక్కు పరీక్ష. ఇట్టే తట్టేదైతే దానిలో కొత్త అడుగు ఏమీ లేనట్టే.

ఒక ఉదాహరణ చూడండి. బజారులో ఎర్ర రబ్బరు చెప్పులున్నాయి, నీలం రబ్బరు చెప్పులున్నాయి. ఎవడో ఆకుపచ్చ చెప్పు చేశాడు. అలాంటిది ఇదివరకు లేదు కాబట్టి కొత్తదే. కానీ చెప్పులు చేసే ఎవడికైనా తట్టే ఆలోచనే కదా! పేటెంటు రాదు.

అయితే ఇక్కడొక ప్రమాదం ఉంది. పొడుపుకథ విప్పేదాకా ఎవరికీ తెలియదు. విప్పాక మాత్రం అందరూ “ఓస్, ఇంతేనా!” అంటారు. ఒక కొత్త విషయాన్ని చూశాక “ఇది నాకూ తట్టేదే” అనడం సులువు. కాబట్టి నిర్ణయం చేసేవాడు తన మనసును దరఖాస్తు పెట్టిన నాటికి వెనక్కు తీసుకుపోయి, ఆనాడు తెలిసిన వాటితోనే తూచాలి. అది కష్టమైన పని. అందుకే సాక్ష్యాలు కావాలి. ఆ సాక్ష్యాలలో ముఖ్యమైనది “ఊహించని ఫలితం”.

ఊహకు అందనిది అంటే ఎలా ఉంటుంది?

రేడియోలు బాగుచేసే దుకాణంలో తీగలు అతికించే టంకం చూసే ఉంటారు. పాతకాలపు టంకంలో తగరం, సీసం ఉండేవి. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం కలిపితే ఆ మిశ్రమం ఎంత వేడికి కరగాలి? లెక్క తెలిసిన పిల్లవాడు సరాసరి కట్టి, సుమారు 267 డిగ్రీలంటాడు. కానీ అది 183 డిగ్రీలకే కరిగిపోతుంది! రెండిటి మధ్యలో ఎక్కడో కాదు, రెండిటికన్నా కిందనే. (సీసం విషపదార్థం. ఇంట్లో కరిగించి చూడకండి.)

ఇలాంటి లోహ మిశ్రమం గురించి లోకానికి ఏమీ తెలియని రోజున ఒకడు దీన్ని కనిపెట్టి ఉంటే, “రెండు తెలిసిన లోహాలను కలిపావు, అంతేగా!” అని తోసిపుచ్చడం అన్యాయం. ఫలితమే అతని తరపు సాక్షి. ఇవాళ మాత్రం ఈ సంగతి పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. ఇవాళ ఎవడైనా ఇదే చెబితే అందులో ఆశ్చర్యం లేదు. అంటే ఆశ్చర్యం అనేది వస్తువులో మాత్రమే లేదు. అప్పటికి మనకేం తెలుసు, ఏం ఆశించాం అన్నదాంట్లో కూడా ఉంది.

ఒక సీసా, రెండు తప్పులు

కొన్నేళ్ల కిందట మా బడిలో వైజ్ఞానిక ప్రదర్శన జరిగింది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక చిన్న సీసా తెచ్చింది. కొబ్బరినూనె, తేనెమైనం, పసుపు కలిపి కాచిన పూత. నాట్లు వేసే వాళ్లమ్మకు మడమలు పగిలి రక్తం కారుతుంటే ఇది రాసిందట. వారంలో నెమ్మదించిందట. “సార్, దీనికి పేటెంటు వస్తుందా?” అని అడిగింది.

“ఇందులో కొత్తేముందమ్మా! అందరికీ తెలిసినవేగా” అనేసి నేను పక్క బల్ల దగ్గరకు వెళ్లిపోయాను. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు “చూడకుండా తీర్పు చెప్పకండి” అని నేర్పుతున్నవాణ్ణి, నేనేం చేశాను? ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మర్నాడు పిలిచి, “దీన్ని దేనితో పోల్చి చూశావమ్మా?” అన్నాను. “పోల్చడం ఏంటి సార్, తగ్గింది కదా!” అంది.

చూశారా, ఇద్దరమూ తప్పు చేశాం. నేను ఫలితం చూడకుండా తీర్పు చెప్పాను. తను పోలిక లేకుండా చెప్పింది. వాళ్లమ్మకు తగ్గింది పూత వల్లనా, ఆ వారం నీళ్లలో దిగకపోవడం వల్లనా? పూత వల్లనే అయితే మూడింటిలో దేని వల్ల?

మనుషుల చర్మం మీద ప్రయోగాలు మనం చేయకూడదు. అందుకని బంగాళదుంపలు తెచ్చాం. చర్మం పగలడానికి ముఖ్య కారణం తడి ఆరిపోవడం. దుంప ముక్క కూడా తడి ఆరి ముడుచుకుంటుంది. ఒకే మందంలో కోసిన ముక్కల్ని కొన్నిటికి పూత ఏమీ లేకుండా, కొన్నిటికి నూనె, కొన్నిటికి మైనం, కొన్నిటికి నూనె–మైనం, కొన్నిటికి పసుపు కూడా కలిపిన పూత పూశాం. పూత పూశాకే తూచి, నీడలో ఒక రోజు ఆరనిచ్చి, మళ్లీ తూచాం.

లెక్క ఎలా చూడాలో చెబుతాను. ఈ అంకెలు మీకోసం నేను ఊహించి వేసినవి. పూత లేని ముక్క 10 గ్రాముల నీరు పోగొట్టుకుందనుకోండి. నూనె పూసినది 7 గ్రాములు, మైనం పూసినది 3 గ్రాములు. నూనె, మైనం సగం సగం కలిపితే ఎంత పోతుందని ఆశిస్తాం? మధ్యలో, 5 గ్రాములని. నిజంగా 5 వస్తే అది ఊహించిన ఫలితమే. 4.8 వస్తే? అదేదో గెలుపు అనుకోకండి. ఒకే నూనె పూసిన మూడు ముక్కల మధ్యనే అర గ్రాము తేడా వస్తుంటే, 0.2 గ్రాముల తేడాకు అర్థం లేదు. అందుకే ప్రతి పూతకూ కనీసం మూడు ముక్కలుండాలి. కానీ 1 గ్రాము మాత్రమే పోయిందనుకోండి, అప్పుడు లేచి కూర్చోవాలి! రెండిటిలో ఏ ఒక్కటీ చేయలేని పని రెండూ కలిసి చేశాయన్నమాట.

మా ప్రయోగంలో ఏమైంది? పసుపు కలిపిన పూతకూ, కలపని పూతకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. “అయితే సార్, పసుపు దండగేనా?” అంది ఆ అమ్మాయి. “దండగని చెప్పలేం. తడిని ఆపడమనే ప్రశ్నకు పసుపు జవాబు కాదు, అంతవరకే మనకు తెలిసింది” అన్నాను.

కొంచెం మేలా, వేరే సంగతా?

ఇప్పుడు పెద్దవాళ్ల కోర్టులోకి వెళదాం. మొటిమలకు వాడే అడాపలీన్ అనే మందు ఉంది. గాల్డెర్మా అనే కంపెనీ దాని 0.1 శాతం జెల్‌ను అమ్ముతుండేది. తర్వాత 0.3 శాతం జెల్ తెచ్చి దానికి వేరే పేటెంట్లు తీసుకుంది. టోల్మార్ అనే కంపెనీ దానికి చవక నకలు తయారుచేయబోతే వ్యాజ్యం నడిచింది.

టోల్మార్ వాదన ఇది: అడాపలీన్‌ను 0.01 నుంచి 1 శాతం దాకా వాడవచ్చని పాత పేటెంట్లలోనే ఉంది. 0.3 ఆ మధ్యలోదే. ఇందులో తెలివి ఏముంది?

గాల్డెర్మా జవాబు ఇది: మందు పాలు మూడు రెట్లయితే చర్మం మంట, ఎరుపు, పొట్టు లేవడం కూడా బాగా పెరుగుతాయని నిపుణులు అనుకున్నారు. తీరా పరీక్షిస్తే 0.1 శాతం జెల్‌తో సమానంగానే తట్టుకోగలిగారు. ఇది ఊహించని ఫలితం కాదా?

కింది కోర్టు గాల్డెర్మా మాట విన్నది. 2013 డిసెంబరులో అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ తీర్పును తిరగేసింది. దుష్ఫలితాలు అనుకున్న దానికన్నా తక్కువ ఉండటం హెచ్చుతగ్గుల తేడా మాత్రమే, స్వభావంలో తేడా కాదు, పైగా చెప్పిన హద్దుల లోపల సరైన పాలు వెతకడం ఆ రంగంలో మామూలు పనే అన్నది. ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరు అలా అన్నారు, ఒకరు ఒప్పుకోలేదు. కాబట్టి ఇది గణితంలో లెక్కలాగా ఒకే జవాబు వచ్చే ప్రశ్న కాదని గ్రహించండి.

మరి ఊహించని ఫలితం గెలిచిన సందర్భం ఉందా? ఉంది. ఓడిపోయిన వారిలో మన హైదరాబాదు కంపెనీ కూడా ఉంది. 1984లో కళ్లం అంజిరెడ్డి గారు స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ పేరు మీకు తెలుసు. మనోవ్యాధికి వాడే ఒలాంజపీన్ అనే మందు మీద ఎలీ లిలీ కంపెనీకి పేటెంటు ఉండేది. డాక్టర్ రెడ్డీస్, మరికొన్ని కంపెనీలు దాన్ని సవాలు చేశాయి. మీరు సమజాత శ్రేణుల పాఠం చదివారు కదా? ఒలాంజపీన్‌లో మిథైల్ సమూహం ఉన్న చోట, అంతకుముందే తెలిసిన ఒక పదార్థంలో ఇథైల్ సమూహం ఉంది. తేడా ఒక కార్బను, రెండు హైడ్రోజను పరమాణువులు. అంత దగ్గరి చుట్టాన్ని చేయడం ఇట్టే తట్టేదే కదా అన్నారు. అయితే కుక్కల మీద చేసిన పరీక్షలో ఆ పాత పదార్థం రక్తంలో కొలెస్టరాల్‌ను పెంచింది. ఒలాంజపీన్ పెంచలేదు. ఇతర కారణాలతో పాటు ఈ ఫలితాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, 2006 డిసెంబరులో అదే అప్పీలు కోర్టు పేటెంటును నిలబెట్టింది.

రెండు కేసుల నుంచి మనం నేర్చుకునేది నాలుగు ముక్కల్లో చెబుతాను.

1. పోలిక అన్నిటికన్నా దగ్గరగా ఉన్న పాతదానితో ఉండాలి. పూత లేని ముక్కతో పోల్చి గొప్పలు చెప్పుకోకూడదు.

2. తేడా కొలతలోని పొరపాట్లను మించి ఉండాలి. కాస్త మేలు అయితే చాలదు, అసలు స్వభావమే వేరుగా కనిపిస్తే బలం.

3. ఎంత మేర హక్కు అడుగుతామో అంత మేరా ఫలితం చూపాలి. 10 శాతం పసుపుతో పరీక్షించి, 1 నుంచి 50 శాతం దాకా నాదే అంటే కుదరదు.

4. ఫలితం మనం కొత్తగా చేర్చిన దాని వల్లనే రావాలి. మైనం చేసిన పనికి పసుపుకు దండ వేయరాదు.

మళ్లీ పసుపు దగ్గరకు

ఇక మన పసుపు కథ. 1996 అక్టోబరులో మన దేశపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనా మండలి, ఆర్.ఎ. మషేల్కర్ గారి నాయకత్వంలో, ఆ పేటెంటును మళ్లీ పరిశీలించమని అమెరికా కార్యాలయాన్ని కోరింది. “మా అవ్వలకు తెలుసు” అంటే అక్కడ చెల్లదు. రాతలో చూపాలి. మండలి 32 ఆధారాలు సమర్పించింది. వాటిలో పాత సంస్కృత గ్రంథాల భాగాలున్నాయి, 1953లో భారతీయ వైద్య సంఘం పత్రికలో అచ్చయిన వ్యాసం ఉంది.

పేటెంటుదారులు ఊరుకోలేదు. పాత రాతల్లో ఉన్నది పసుపు ముద్ద, మాది పసుపు పొడి, రెండూ శరీరంలో ఇంకే తీరు వేరని వాదించారు. కానీ పరీక్షకుడు ఆ తేడాను ఒప్పుకోలేదు. ముద్ద నూరేవాళ్లకు పొడి సంగతి తట్టదా? 1997లో ఆ పేటెంటును తిరస్కరించారు. 1998 ఏప్రిల్ 21న అందులోని హక్కులన్నీ రద్దయినట్టు ధ్రువపత్రం వెలువడింది.

ఇక్కడ ఒక మెలిక గమనించండి. పరీక్షల్లో పసుపు ఎంత బాగా పనిచేసినా ఆ పేటెంటు నిలిచేది కాదు. ఎందుకంటే అది మొదటి మెట్టు మీదనే, అంటే “కొత్తదేనా?” అనే ప్రశ్న దగ్గరే జారింది. ఊహించని ఫలితం మూడో మెట్టు ఎక్కడానికి సాయపడే చేతికర్ర. మొదటి మెట్టు ఎక్కనివాడికి అది ఎందుకూ కొరగాదు.

ఆ అనుభవం తర్వాత 2001లో మన దేశం సంప్రదాయ విజ్ఞానాన్ని అనేక భాషల్లోకి మార్చి, పేటెంటు పరీక్షకులు చూసుకునేలా ఒక డిజిటల్ గ్రంథాలయాన్ని ప్రారంభించింది. మన పేటెంట్ల చట్టం 1970 నాటిది. తర్వాత చాలా సవరణలు వచ్చాయి. దాని మూడో సెక్షను ఇంకా గట్టిది. తెలిసిన పదార్థాలను ఊరికే కలిపి, వాటి గుణాల కూడిక మాత్రమే వస్తే అది ఆవిష్కరణ కాదు. సంప్రదాయ జ్ఞానమే అయినా ఆవిష్కరణ కాదు. తెలిసిన మందుకే కొత్త రూపం ఇస్తే, దాని గుణం నిజంగా పెరిగిందని చూపాలి. నోవార్టిస్ కంపెనీ 1998లో మన పక్కనున్న చెన్నై పేటెంటు కార్యాలయంలో ఒక క్యాన్సర్ మందు కొత్త స్ఫటిక రూపానికి దరఖాస్తు పెట్టింది. ఆ రూపం శరీరానికి సుమారు 30 శాతం ఎక్కువగా అందుతుందని చూపింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు, ఎక్కువ అందడం వేరు, రోగం ఎక్కువగా నయం కావడం వేరు, రెండోది చూపలేదని చెప్పి పేటెంటు నిరాకరించింది. చవక మందు కోసం ఎదురుచూసే రోగులకు ఈ తేడా ఎంత ముఖ్యమో ఆలోచించండి. హక్కు తేలిగ్గా ఇస్తే మందు ధర పెరుగుతుంది. అసలే ఇవ్వకపోతే ఏళ్ల తరబడి శ్రమించి కొత్త మందు వెతికేవాడు ఉండడు. ఈ రెండిటి మధ్య త్రాసు ముల్లు నిలపడానికే ఇన్ని పరీక్షలు.

మా అమ్మాయి పూతకు పేటెంటు రాదు. కానీ మా బడి ప్రయోగశాల గోడకు ఆ రోజు తను రాసిన పట్టిక ఇప్పటికీ అంటించి ఉంది. దాని పైన తనే పెద్ద అక్షరాలతో రాసింది: “దేనితో పోల్చి?” ఇప్పుడు నా నోట “అందరికీ తెలిసిందేగా” అనే మాట రాబోయినప్పుడల్లా నా కళ్లు ఆ కాగితం మీదికి పోతాయి.

చేసి చూడండి

బంగాళదుంప ముక్కల ప్రయోగం మీరూ చేయండి. కొబ్బరినూనె, నువ్వులనూనె, రెండూ సగం సగం కలిపినది తీసుకోండి. తూచే ముందే మీరు ఏం ఆశిస్తున్నారో నోటుపుస్తకంలో రాసి తేదీ వేయండి. ఫలితం చూశాక ఊహను మార్చకండి.

ఆలోచించండి

1. సున్నిపిండిలో వేసే బావంచాల గింజల నుంచి బకుచియోల్ అనే పదార్థాన్ని 1966లో పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాల వాళ్లు వేరుచేశారు. ఇవాళ ముఖానికి రాసే క్రీముల్లో దాన్ని వాడుతున్నారు. ఒకడు బకుచియోల్‌ను ఇంకో తెలిసిన పదార్థంతో కలిపి క్రీము చేస్తే, అతడు ఏయే పోలికలు చూపాలి?

2. రెండు పదార్థాలు కలిపితే అనుకున్న దానికన్నా తక్కువ మేలు జరిగింది. అది ఊహించని ఫలితమేనా? దానికి పేటెంటు అడిగితే మూడు పరీక్షల్లో ఎక్కడ ఆగుతుంది?